ముందు 13 పళ్ళ స్ప్రాకెట్ వేయించాను: పికప్ వచ్చింది, చైన్ పోయింది

నాపరాళ్ళ_దారి
నా 150 సీసీ బండికి కంపెనీ ఇచ్చిన స్ప్రాకెట్ల (చైన్ నడిచే పళ్ళ చక్రాల) అమరిక ముందు 14 పళ్ళు, వెనుక 42 పళ్ళు. మొదటి చైన్ సెట్ 22,000 కిలోమీటర్లు నడిచింది. రోజూ కడప నుంచి ఎర్రగుంట్లకు ఉద్యోగానికి వెళ్ళి వస్తాను, నెలకు రెండు మూడుసార్లు భార్యాబిడ్డతో గువ్వలచెరువు ఘాటు ఎక్కి రాయచోటికి వెళ్తాను. ఘాటులో ముగ్గురం ఉన్నప్పుడు నాలుగో గేరులో బండి లాగదు, మూడో గేరు వేస్తే ఇంజను అరుస్తుంది. ఈ సంగతి చెబితే, చైన్ మార్చేటప్పుడు మా మెకానిక్ ముందు ఒక పన్ను తగ్గించి 13 పళ్ళది బిగించాడు. పికప్ నిజంగానే వచ్చింది, ఘాటులో నాలుగో గేరు నిలబడింది. అయితే 8,000 కిలోమీటర్లు తిరిగేసరికి చైన్ కటకటమని మోగడం మొదలైంది, సర్దుబాటు గుర్తులు చివరి గీతకు చేరాయి. ఒక్క పన్ను తగ్గించినందుకు చైన్ ఆయుష్షు దాదాపు మూడో వంతుకు పడిపోతుందా? మళ్ళీ 14కు వెళ్ళిపోవాలా, మధ్యేమార్గం ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుత్తికోట
14కు వెళ్ళిపోండి. కంపెనీవాళ్ళు ఆ అంకెను పంచాంగం చూసి పెట్టలేదు.

పాత_రెండుస్ట్రోకు
మా కాలంలో ఆర్‌ఎక్స్ 100 ఉన్నవాళ్ళెవరూ పికప్ కోసం స్ప్రాకెట్ జోలికి పోయేవారు కాదు, సైలెన్సర్ జోలికి మాత్రమే పోయేవారు. ఆ పాపానికి వీధిలో కుక్కలన్నీ మా వెంట పడేవి.

గేరుబాక్సు_అనంతపురం
లెక్క చూద్దాం. వెనుక పళ్ళను ముందు పళ్ళతో భాగిస్తే వచ్చేదే చివరి నిష్పత్తి. 42ను 14తో భాగిస్తే 3.00, 13తో భాగిస్తే 3.23, అంటే 7.7 శాతం పెరుగుదల. ఏ గేరులోనైనా చక్రానికి అందే తిప్పుడు బలం అంత మేరకు పెరుగుతుంది, అంతే మేరకు ఇంజను ఎక్కువ చుట్లు తిరగాలి. ఇంతకుముందు 60 వేగంలో నిమిషానికి 5,000 చుట్లు తిరిగిన ఇంజను ఇప్పుడు అదే వేగానికి 5,385 చుట్లు తిరుగుతుంది. చైన్ విషయానికి వస్తే, గేరుబాక్సు నుంచి వచ్చే బలం చిన్న వ్యాసం మీదుగా చైన్‌కు చేరుతుంది కనుక చైన్‌పై లాగుడు కూడా 7.7 శాతం పెరుగుతుంది. మీ చైన్ పోవడానికి కారణం అదే.

లేత్_మనిషి
గేరుబాక్సు గారి మొదటి సగం లెక్క సరైనదే, చివరి వాక్యం దగ్గర నాకు అభ్యంతరం ఉంది. పూర్తి యాక్సిలరేటర్ ఇచ్చి దూకించినప్పుడు మాత్రమే ఆ 7.7 శాతం నిజం. అదే ఘాటును అదే బరువుతో అదే వేగంతో ఎక్కితే చక్రం అడిగే బలం మారదు. ఆ బలాన్ని చైన్ వెనుక స్ప్రాకెట్ వ్యాసం మీదుగా అందిస్తుంది, వెనుక స్ప్రాకెట్ 42 పళ్ళదే కనుక చైన్‌పై లాగుడు కూడా మారదు. అంటే ముందు పన్ను తగ్గించినందువల్ల ఘాటులో చైన్‌పై అదనపు బరువేమీ పడలేదు, ఇంజనుకు పని తేలికైంది అంతే.

13 పళ్ళదానితో నష్టం మరోచోట ఉంది. లింకు స్ప్రాకెట్‌పైకి ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి మడత పడుతుంది. ఆ మడత కోణం 360ని పళ్ళ సంఖ్యతో భాగిస్తే వస్తుంది. 14 పళ్ళకు 25.7 డిగ్రీలు, 13 పళ్ళకు 27.7 డిగ్రీలు. ప్రతి మడతలోనూ లింకులను కలిపే పిన్ను, దాని చుట్టూ ఉండే గొట్టం లాంటి బుష్‌లో రాసుకుంటుంది, మనం చైన్ సాగిందని అనేది ఈ పిన్నూ బుష్షూ అరిగిన అరుగుదలనే, ఇనుము రబ్బరులా సాగడం కాదు. పైగా స్ప్రాకెట్ గుండ్రంగా కాక బహుభుజిలా చైన్‌ను లాగుతుంది కనుక, చుట్టు మధ్యలో చైన్ వేగం కొద్దిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గు 15 పళ్ళకు 2.2 శాతం, 14కు 2.5, 13కు 2.9. ఇవన్నీ కలిపినా ఆయుష్షులో పదో వంతో, మరి కాస్తో తగ్గాలి. 22,000 నుంచి 8,000కు పడిపోయిందంటే దొంగ వేరే ఉన్నాడు.

గేరుబాక్సు_అనంతపురం
స్థిర వేగం దగ్గర మీరు చెప్పినది ఒప్పుకుంటాను. కానీ పికప్ కోసం స్ప్రాకెట్ మార్చినవాడు ఆ పికప్‌ను వాడుకోకుండా ఊరుకుంటాడా? సిగ్నల్ పడగానే చైన్‌కు ఆ 7.7 శాతం చేరుతూనే ఉంటుంది.

లేత్_మనిషి
ఆయన భార్యాబిడ్డతో రాయచోటికి వెళ్తున్నారండీ, పందేనికి వెళ్ళడం లేదు.

డోన్_గ్యారేజీ
ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. నాపరాళ్ళ_దారి గారూ, నాలుగు సంగతులు చెప్పండి. చైన్ మార్చినప్పుడు వెనుక 42 పళ్ళది కూడా మార్చారా, పాతదే ఉంచారా? చైన్ కవర్ ఉందా, తీసేశారా? వదులు ఎంత పెడుతున్నారు, అది బండి స్టాండుపై ఉండగా చూస్తున్నారా, మనుషులు కూర్చున్నాక చూస్తున్నారా? ఏ నూనె వేస్తున్నారు?

నాపరాళ్ళ_దారి
వెనుకది బాగానే ఉందని మెకానిక్ ఉంచేశాడు. చైన్ కవర్ పూర్తిగా మూసి ఉండేది, కంకర రోడ్డులో వంగి శబ్దం చేస్తుంటే పోయిన ఏడాది తీసేశాను. వదులు ఎంతన్నది నాకు తెలియదు, గట్టిగా ఉంటేనే పికప్ వస్తుందని బిగించి ఇచ్చాడు, వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు కదిలేది. నూనె అంటే, ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు వచ్చిన నల్ల నూనె సీసాలో పట్టుకుని వారానికొకసారి పోస్తున్నాను.

డోన్_గ్యారేజీ
ఇక 13 పళ్ళదాన్ని జైలులో పెట్టనవసరం లేదు.

గుత్తికోట
నలుగురు దొంగలు ఒకే ఇంట్లో దొరికారు.

డ్యూక్_కర్నూలు
నా డ్యూక్ 390కు కంపెనీ అమరిక 15, 45. కర్నూలులో రాజవిహార్ నుంచి కొండారెడ్డి బురుజు దాకా ఈ బండిని రెండో గేరులో కూడా సాఫీగా నడపలేక, ముందు 14 వేశాను. ఊళ్ళో తిరగడం హాయి అయింది. హైవేపై బెంగళూరు వెళ్ళినప్పుడు మాత్రం 100 వేగంలో ఇంజను ముందుకంటే ఎక్కువ తిరుగుతూ, చేతులకు అదురు తెలుస్తుంది. చైన్ ఆయుష్షులో నాకు పెద్ద తేడా కనిపించలేదు, అయితే అది 520 సీల్డ్ చైన్, అంటే పిన్నుల దగ్గర గ్రీజు బయటికి పోకుండా రబ్బరు రింగులున్నది. మీది 428 సాదా చైన్ అయి ఉంటుంది కనుక పోల్చడానికి లేదు. ఒక జాగ్రత్త చెప్పాలి. ముందు స్ప్రాకెట్ చిన్నదైతే చైన్, వెనుక చక్రాన్ని పట్టుకునే చేయి అయిన స్వింగ్ ఆర్మ్‌కు దగ్గరగా నడుస్తుంది, అక్కడ ఉండే రబ్బరు పట్టీ త్వరగా కోసుకుపోతుంది. నాది సగం కోసుకుపోయాక చూసుకున్నాను.

సుంకేసుల_చేప
428, 520 అంటే ఏమిటో ఎవరైనా చెబుతారా? దుకాణంలో అడిగితే చైన్ అంటే చైనే అన్నాడు.

లేత్_మనిషి
మొదటి అంకె పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతులుగా లెక్క. 4 అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 5 అంటే 15.875 మిల్లీమీటర్లు. తరువాతి రెండంకెలు లోపలి వెడల్పును సూచిస్తాయి. 428 స్ప్రాకెట్‌పై 520 చైన్ కూర్చోదు, ఆ దుకాణదారునితో వాదించకుండా వేరే దుకాణానికి వెళ్ళండి.

ఉరవకొండ_గాలి
అందరూ తగ్గించడం గురించే మాట్లాడుతున్నారు, నేను పెంచి దెబ్బతిన్నాను. మైలేజీ వస్తుందని ముందు 14 తీసి 15 వేశాను, నిష్పత్తి 3.00 నుంచి 2.80కి దిగింది. మొదటి నెల ఇంజను నిశ్శబ్దంగా నడుస్తుంటే ఎంతో తెలివైన పని చేశాననుకున్నాను. ఆషాఢం వచ్చింది. ఉరవకొండ నుంచి బెళుగుప్ప మీదుగా కళ్యాణదుర్గం వెళ్తుంటే ఎదురుగాలి. ఆ దారిలో గాలిమరలు ఎందుకు నాటారో అప్పుడు ఒంటికి తెలిసింది. 60 వేగంలో వెళ్తున్నవాడికి 25 వేగంతో ఎదురుగాలి తగిలితే, గాలి అడ్డగింపు వేగపు వర్గంతో పెరుగుతుంది కనుక అది రెండింతలవుతుంది. టాప్ గేరు పూర్తిగా పనికిరాకుండా పోయింది. రోజంతా నాలుగో గేరులో యాక్సిలరేటర్ మెలితిప్పి పట్టుకుని నడిపాను, మైలేజీ పాత 14 కంటే తగ్గింది. శ్రావణంలో 14 తిరిగి వేయించాను.

పాత_రెండుస్ట్రోకు
గాలిమరలకు కూడా మైలేజీ రాకుండా పోవాలని మీరు శపించి ఉంటారు.

గుత్తికోట
ఇక్కడొక ప్రాథమిక ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఘాటులో నాలుగో గేరు లాగకపోతే మూడో గేరు వేసుకోవచ్చు కదా? ఒక గేరు తగ్గిస్తే వచ్చే బలం ఒక పన్ను తగ్గిస్తే వచ్చేదానికి రెండు మూడింతలు ఉంటుంది. బండిలో ఐదు గేర్లు ఇచ్చినది అందుకే. నెలకు రెండుసార్లు ఎక్కే ఘాటు కోసం నెలంతా తిరిగే సమతల రోడ్డులో ఇంజనును అరిపించడం ఏం లాభం?

నాపరాళ్ళ_దారి
గుత్తికోట గారూ, మూడో గేరులో ఎక్కగలదు, ఆ మాట నిజమే. కానీ ఆ ఘాటులో లారీల వెనుక వెళ్ళాలి. మూడో గేరులో లారీని దాటడం మొదలుపెడితే మధ్యలో ఇంజను చుట్లు చివరికి చేరతాయి, నాలుగుకు మారిస్తే పక్కనే లారీ ఉండగా బండి నీరసపడుతుంది. ముందు పాప, వెనుక ఆవిడ, ఎదురుగా మలుపు. ఆ రెండు గేర్ల మధ్య ఖాళీ నాకు భయం.

గుత్తికోట
అది సబబైన కారణం, నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఏమిటంటే, మలుపులో లారీని దాటకండి.

లెక్కల_మాస్టారు
13కు ఒక మంచి గుణం ఉంది, దాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. చైన్‌లో లింకుల సంఖ్య ఎప్పుడూ సరి సంఖ్యే, ఒకటి లోపలి లింకు, ఒకటి బయటి లింకు. ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్ళుంటే లోపలి లింకులు ఎప్పుడూ అవే ఏడు పళ్ళపై కూర్చుంటాయి, బయటివి మిగతా ఏడింటిపై. 112 లింకుల చైన్ అయితే మరీ విడ్డూరం, 14తో నిశ్శేషంగా భాగింపబడుతుంది కనుక ప్రతి లింకూ జీవితాంతం తన పన్నునే కలుసుకుంటుంది. 13 గానీ 15 గానీ ఉంటే ప్రతి పన్నూ రెండు రకాల లింకులనూ వంతులవారీగా చూస్తుంది, అరుగుదల సమంగా పంచుకోబడుతుంది.

పాత_రెండుస్ట్రోకు
జీవితాంతం ఒకే పన్నును కలుసుకోవడం విడ్డూరమా మాస్టారూ? మా ఇంట్లో ఈ మాట చదివి వినిపించలేను.

డోన్_గ్యారేజీ
మాస్టారి లెక్క కాదనను గానీ, నా దగ్గరకు వచ్చే చైన్లలో బేసి సరి తేడావల్ల పోయినదాన్ని నేను చూడలేదు. దుమ్ముతో పోయినవి, బిగుతుతో పోయినవి, పాత స్ప్రాకెట్‌పై కొత్త చైన్ వేసి పోయినవి, ఇవే చూశాను.

చైన్ బిగుతు గురించి చెబుతాను. స్వింగ్ ఆర్మ్ తిరిగే ఇరుసు, ముందు స్ప్రాకెట్ మధ్యభాగం ఒకే చోట ఉండవు. అందువల్ల వెనుక బరువు పడి షాక్ అబ్సార్బర్ దిగేకొద్దీ ముందు స్ప్రాకెట్, ఆ ఇరుసు, వెనుక చక్రం ఇరుసు మూడూ ఒక గీతపైకి వస్తాయి, ఆ క్షణంలో చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. స్టాండుపై ఒక సెంటీమీటరు కదిలే చైన్, ముగ్గురు కూర్చుని గుంతలో పడితే వీణ తీగ అవుతుంది. పిన్నులే కాదు, గేరుబాక్సు బేరింగు కూడా ఆ దెబ్బ తింటుంది. మీ తరహా బండ్లకు సాధారణంగా 25 నుంచి 35 మిల్లీమీటర్ల వదులు చెబుతారు, మీ బండి పుస్తకంలో ఉన్న అంకెను చూడండి. చక్రం తిప్పుతూ అత్యంత బిగువుగా ఉన్న చోట కొలవాలి, వదులుగా ఉన్న చోట కొలిచి బిగిస్తే తప్పు.

మీరు చేయవలసిన పని, ముందు స్ప్రాకెట్ మూత విప్పి చూడండి. వెనుక స్ప్రాకెట్ చివరన చైన్‌ను వెనక్కి లాగి చూడండి, పన్ను సగం కనిపిస్తే చైన్ అయిపోయినట్లే. తరువాత టేపుతో 20 లింకుల పొడవు, పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి కొలవండి. కొత్త 428 చైన్ 254 మిల్లీమీటర్లు ఉంటుంది. 259 దాటితే 2 శాతం పోయింది, మార్చి తీరాలి.

సుంకేసుల_చేప
సెనక్కాయల నూనె వేస్తే పనిచేస్తుందా? మా ఇంట్లో పుష్కలంగా ఉంది.

డోన్_గ్యారేజీ
అది ఉగ్గాని మిరపకాయ బజ్జీలకు దాచుకోండి. చైన్‌కు 90 నంబరు గేరు ఆయిల్ చాలు. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, లోపలి వైపు రోలర్ల అంచుల మీద చుక్కలు వేసి, చక్రం నాలుగుసార్లు తిప్పి, పైన మిగిలినది గుడ్డతో తుడిచేయాలి. నూనె పిన్నులోపల ఉండాలి, పైన ఉన్న నూనె దుమ్మును ఆహ్వానించడానికే పనికొస్తుంది. రాత్రి ఇంటికొచ్చాక, చైన్ వేడిగా ఉన్నప్పుడు వేస్తే తెల్లవారేసరికి లోపలికి దిగుతుంది.

నాపరాళ్ళ_దారి
ఈ ఆదివారం విప్పాను. ముందు స్ప్రాకెట్ మూత తీయగానే లోపల అరచేతి మందాన బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంది. నేను పనిచేసే చోట నాపరాళ్ళ పాలిష్ యూనిట్లున్నాయి, గేటు నుంచి షెడ్డు దాకా నేలంతా తెల్లని బురద. ఆ పొడీ నేను పోసిన నల్ల నూనే కలిసి ఇలా అయ్యాయి. వేళ్ళ మధ్య నలిపితే వాల్వులు రుద్దే పేస్టులా గరగరమంది. వెనుక స్ప్రాకెట్ పళ్ళు ఒకవైపు వంగి పులిగోళ్ళలా ఉన్నాయి, కొత్త 13 పళ్ళదానికంటే పాత 42 పళ్ళదే ఘోరంగా ఉంది. టేపు పెట్టి నాలుగు చోట్ల కొలిస్తే ఒకచోట 257, ఒకచోట 261, మిగతావి మధ్యలో వచ్చాయి.

లేత్_మనిషి
257కూ 261కీ మధ్య ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడాయే అసలు సంగతి. చైన్ సమంగా అరగలేదు, కొన్ని లింకులు ఎక్కువ అరిగాయి. ఎక్కువ అరిగిన చోటు చూసి మెకానిక్ బిగించాడు, చక్రం తిరిగి తక్కువ అరిగిన చోటు అక్కడికి వచ్చినప్పుడల్లా చైన్ తాడులా బిగుసుకుంది. అరిగిన వెనుక స్ప్రాకెట్ కొత్త చైన్‌ను ఎలా తింటుందో కూడా గమనించండి. వంగిన పన్ను చైన్‌ను సకాలంలో వదలదు, ప్రతి లింకునూ కాస్త పట్టుకుని విడుస్తుంది. అందుకే చైన్, రెండు స్ప్రాకెట్లు మూడూ కలిపి మార్చాలంటారు, కంపెనీ అమ్మకాల కోసం చెప్పే మాట కాదు.

బేతంచెర్ల_పాలిష్
మాదీ రాళ్ళ ఊరే కనుక ఒక్క మాట. నాపరాయి సున్నపురాయి, దాని పొడి ఒక్కటే అయితే ఇనుముకంటే చాలా మెత్తన. చైన్‌ను తినేది పాలిష్ చేసే రాళ్ళలోని కార్బొరండం రేణువులు, రాతిలోనూ నేలలోనూ ఉండే ఇసుక. అవి తెల్లని బురదలో కలిసి ఉంటాయి, కంటికి కనిపించవు. మా యూనిట్‌లో బండ్లను గేటు బయటే పెట్టిస్తాం. ఆ ఒక్క నియమం వచ్చాక నా చైన్ నల్లరేగడి దారుల్లో తిరిగే మా బావమరిది చైన్‌తో సమానంగా నడుస్తోంది. అంతకుముందు ఆయన ముందు తలెత్తుకోలేకపోయేవాడిని.

గేరుబాక్సు_అనంతపురం
నా తీర్పు తొందరపడి ఇచ్చినదని ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు కొత్తది ఏ నిష్పత్తిలో వేయించుకోవాలన్నది మిగిలింది. ముందు 14 ఉంచి వెనుక పెంచడం మంచిదని నా అభిప్రాయం. 14, 45 వేస్తే 3.21, అంటే 13, 42తో దాదాపు సమానం. వెనుక వ్యాసం పెరిగింది కనుక, లేత్_మనిషి గారి సూత్రం ప్రకారమే, అదే ఘాటులో చైన్‌పై లాగుడు 6.7 శాతం తగ్గుతుంది. ముందు మడత కోణం పెరగదు. ఖర్చు మాత్రం ఎక్కువ, చిన్న స్ప్రాకెట్ ధరలో పెద్దది రాదు.

లేత్_మనిషి
ఈసారి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక చిన్న ఎదురుఖర్చు కూడా చెప్పుకోవాలి, చక్రం ఒక చుట్టు తిరిగితే 42 లింకులకు బదులు 45 లింకులు నడుస్తాయి కనుక చైన్ కొంత ఎక్కువ తిరుగుతుంది. అయినా మొత్తం మీద లాభమే. ఇక పొడవు చూసుకోండి. వెనుక రెండు పళ్ళు పెరిగితే ఒక లింకు ఎక్కువ కావాలి, పొడవు మార్చకపోతే చక్రం ఆరు మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. కొత్త చైన్‌కు అంత చోటు ఉండకపోవచ్చు. లింకులు జంటగానే కలుస్తాయి కనుక రెండు లింకులు ఎక్కువ ఉన్న చైన్ కొనండి. చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొన చైన్ కదిలే దిశకు ఉండేలా వేయించండి.

డ్యూక్_కర్నూలు
స్పీడోమీటర్ ఎక్కడి నుంచి తీసుకుంటుందో కూడా చూసుకోండి. ముందు చక్రం నుంచి అయితే ఏ స్ప్రాకెట్ వేసినా తేడా రాదు. గేరుబాక్సు దగ్గర సెన్సార్ ఉన్న బండి అయితే నిష్పత్తి పెంచినంత మేర మీటర్ ఎక్కువ చూపుతుంది, కిలోమీటర్ల లెక్క కూడా ఉబ్బుతుంది.

నాపరాళ్ళ_దారి
నాది ముందు చక్రం కేబులే. 45 పళ్ళది నా బోల్టు రంధ్రాలకు సరిపోయేది కడపలో దొరకలేదు, ప్రొద్దుటూరులో 44 దొరికింది. 14, 44 అంటే 3.14, అసలు అమరికకంటే 4.8 శాతం ఎక్కువ. పాత చైన్ 118 లింకులు, ఇప్పుడు 120 వేయించాను. మూడూ కొత్తవే. వెనుక చక్రంలో కుదుపు తగ్గించే హబ్ రబ్బర్లు నలిగిపోయి ఉంటే అవీ మార్పించాను. వంగిన చైన్ కవర్‌ను సుత్తితో సరిచేయించి తిరిగి బిగించాను. వదులు 30 మిల్లీమీటర్లు, ఈసారి మెకానిక్ పక్కన స్కేలు పట్టుకుని నేనే కూర్చున్నాను, ఆయనకు కాస్త కోపం వచ్చింది.

నిన్న ముగ్గురం ఘాటు ఎక్కాం. మొదటి సగం నాలుగో గేరులోనే వచ్చింది, నిటారు మలుపుల దగ్గర మూడు వేయక తప్పలేదు, అయితే రెండు గేర్ల మధ్య ఆ ఖాళీ ఇంతకుముందులా భయపెట్టలేదు. 13తో ఉన్నంత చురుకు లేదన్నది దాచను. గువ్వలచెరువులో ఆగి పాలకోవా తిన్నాం.

పాత_రెండుస్ట్రోకు
ఎంత కోవా తిన్నారో చెప్పకపోతే తిరుగు ప్రయాణంలో బరువు లెక్క తేలదు.

డోన్_గ్యారేజీ
కొత్త చైన్ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో కుదురుకుంటూ కాస్త ఎక్కువ వదులవుతుంది. 500 దగ్గర మళ్ళీ కొలవండి, భయపడి ఎక్కువ బిగించవద్దు.

నాపరాళ్ళ_దారి
540 కిలోమీటర్లయ్యాయి. వదులు 36కు వచ్చింది, తిరిగి 30 చేశాను. 20 లింకులు నాలుగు చోట్లా 254, టేపుపై తేడా కనిపించలేదు. బండిని గేటు బయట చింతచెట్టు కింద పెడుతున్నాను, సీటుపై కాకులు చేసే పనికి మాత్రం ఇంకా పరిష్కారం దొరకలేదు.